మిషన్ స్కూల్ ‘ప్రముఖ పూర్వ విద్యార్థులు’ అంటే ఎవరు? సావనీర్ పేజీల మీద పంచాయితీ

కాజీపేట_జంక్షన్
మా స్కూల్‌కి జూబ్లీ వస్తోంది. స్కూల్ పేరు అడగకండి, చెప్పను. పక్కన చర్చి, కాంపౌండ్‌లో మేరీమాత గుహ, శనివారం తెల్ల డ్రెస్సు. మన దిక్కు ఇలాంటివి చాలానే ఉన్నాయి. సావనీర్‌లో ‘ప్రముఖ పూర్వ విద్యార్థులు’ అని నాలుగు పేజీలు వేయాలని కమిటీ తీర్మానించి, ఆ పని నా నెత్తిన పెట్టింది. వాట్సాప్ గ్రూపులో పేర్లు పంపమన్నా. వచ్చిన లిస్టు చూసి తల తిరిగింది. ముప్పావు వంతు అమెరికాలో డైరెక్టర్లు, సీనియర్ డైరెక్టర్లు, వైస్ ప్రెసిడెంట్లు. ఒకాయన ఏడులో చేరి ఎనిమిదిలో టీసీ పట్టుకుపోయాడు, ఇప్పుడు రాజకీయాల్లో ఉన్నాడు, ఫోటో ఫుల్ పేజీ కావాలట. ఇంకొకాయన అర్హత ఏమిటంటే ఆడిటోరియానికి ఏసీలు ఇస్తున్నాడు. వద్దంటే ఒక తంటా, వేస్తే ఇంకో తంటా. ప్రముఖుడని దేన్ని చూసి తేల్చాలి? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_బెంచి
ఏసీలు ఇచ్చినవాడు ప్రముఖుడే తమ్మీ. నమ్మకపోతే ఫంక్షన్ మే నెలలో పెట్టి చూడు.

హనుమకొండ_చౌరస్తా
నేనూ ఒకసారి ఇందులో ఇరుక్కున్నా. పేర్లు అడగకముందే రూలు పెట్టాల్సింది. పేర్లొచ్చాక నువ్వు ఏ రూలు పెట్టినా, ఎవరో ఒకరిని తీసెయ్యడానికే పెట్టావంటారు. మా దగ్గర అలాగే అయింది. చివరికి సావనీర్‌లో ఆ పేజీలే ఎత్తేసి ప్రిన్సిపల్ గారి సందేశం రెండుసార్లు వేశారు, ఒకసారి ఇంగ్లిష్‌లో, ఒకసారి తెలుగులో.

డల్లాస్_పోరడు
అమెరికా వాళ్లను ఆడిపోసుకోవడానికే ఈ థ్రెడ్ పెట్టినట్టుంది. మేమేమైనా ఊరికే వచ్చామా? మా నాన్న రైల్వేలో ఫిట్టర్. నేను ఈ స్థాయికి వచ్చానంటే ఆ బడి వల్లే. మా పేరు వేస్తే తప్పేంటి?

పాత_బెంచి
తప్పేం లేదు అన్నా. డైరెక్టర్, సీనియర్ డైరెక్టర్ అంటే మాకిక్కడ సినిమా అనుకుంటాం, అదొక్కటే ఇబ్బంది.

ఆర్‌ఈసీ_గేటు
లిస్టులో అమెరికా ఎందుకు ఎక్కువో చరిత్ర చూస్తే తెలుస్తుంది. కాజీపేటలో మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్ (క్యాథలిక్ బ్రదర్ల సంఘం) సెయింట్ గేబ్రియల్స్ బడి పెట్టింది 1955లో. నాలుగేళ్లకే, 1959లో, వరంగల్ ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేశాడు (ఎన్ఐటీ అయింది 2002లో, మాకు ఇప్పటికీ ఆర్‌ఈసీయే). కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959. కాకతీయ యూనివర్సిటీ 1976. రైల్వే జంక్షన్ అంతకు ముందు నుంచే ఉంది. ప్రొఫెసర్లు, డాక్టర్లు, రైల్వే ఆఫీసర్లు, వేరే రాష్ట్రాల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు, వీళ్లందరికీ ఇంగ్లిష్ మీడియం కావాలి. అప్పట్లో అది దొరికేది ఫాదర్ల దగ్గరో సిస్టర్ల దగ్గరో. ఆ పిల్లల్లో చాలామంది ఇంజనీరింగ్‌కు, అక్కణ్నుంచి విమానానికి. ఇందులో బడి వాటా ఎంత, ఇంట్లో ఉన్న పుస్తకాల బీరువా వాటా ఎంత అన్నది నా అనుమానం. నేనూ ఆ క్వార్టర్స్ పిల్లాణ్నే, మొహమాటం లేకుండా చెప్తున్నా.

డల్లాస్_పోరడు
ఫిట్టర్ ఇంట్లో బీరువా ఎక్కడిది? మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం రైల్వే టైమ్‌టేబుల్.

ఆర్‌ఈసీ_గేటు
@డల్లాస్_పోరడు, అయితే నీ పేరు వేయాల్సిందే. నిజంగానే అంటున్నా. ‘వైస్ ప్రెసిడెంట్’ అని కాదు, ఫిట్టర్ కొడుకు అని వేయాలి.

భద్రకాళి_బండ్
ఇంత చర్చ ఎందుకు, మొదటి పేజీలో పీవీ గారిని వేసేయండి. ఆయన గేబ్రియల్స్ స్టూడెంటే అని మా మేనమామ ఎప్పుడూ అంటాడు.

రిజిస్టర్_సార్
పీవీ పుట్టింది 1921లో, నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో. బడి పెట్టింది 1955లో. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. 1957లో మంథని నుంచి ఎమ్మెల్యే అయ్యాడు. ఆయన వెళ్లిన అసెంబ్లీ వేరు, మీ మేనమామ నిలబడ్డ అసెంబ్లీ వేరు.

పాత_బెంచి
😂😂 సార్ రిటైరైనా ఎర్ర ఇంకు మానలేదు.

భద్రకాళి_బండ్
సరే, జయశంకర్ సార్?

రిజిస్టర్_సార్
1934. అక్కంపేట. 1955 నాటికి 21 ఏళ్లు. లెక్క నువ్వే చేసుకో. కాళోజీ 1914, ఆయన సంగతి అడగనే అడగకు. వీళ్లంతా నిజాం కాలపు సర్కారు బడుల మనుషులు. వరంగల్ పెద్దలు అనగానే మనకు గుర్తొచ్చే పేర్లలో పాత తరానికి మిషన్ బడులతో సంబంధమే లేదు. మిషన్ బడి పేరుకు ఆ బరువు అరువు తెచ్చుకోవాల్సిన పనీ లేదు.

ఇందూరు_అక్క
వరంగల్ వాళ్లు వరంగల్ దాటి చూడరు. ఉత్తర తెలంగాణలో క్యాథలిక్ బడి నుంచి ప్రపంచానికి తెలిసిన పేరు ఏదంటే నేను కళ్లు మూసుకుని చెప్తా: నిఖత్ జరీన్. నిజామాబాద్ నిర్మల హృదయ బాలికల హైస్కూల్. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో సీనియర్ ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ. మధ్యలో కామన్వెల్త్ బంగారం. మీ సీనియర్ డైరెక్టర్లు అందరూ కలిసి వచ్చినా 50 కిలోల ఆ అమ్మాయి ముందు ఒక్క రౌండ్ నిలబడలేరు.

డల్లాస్_పోరడు
మళ్లీ మా మీదికే వచ్చింది.

మంచిర్యాల_బొగ్గు
నిఖత్ గొప్పతనం ఎవరు కాదంటారు అక్కా. కానీ ఆమె బాక్సింగ్ నేర్చింది గ్రౌండ్‌లో, నేర్పించింది తండ్రి తెగింపు, కోచ్‌లు. ముస్లిం ఇంటి ఆడపిల్ల షార్ట్స్ వేసుకుని మగపిల్లలతో తలపడుతుంటే చుట్టుపక్కల వాళ్లు నానా మాటలన్నారని ఆ కుటుంబమే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. అప్పుడు వెనక నిలబడింది నాన్న. పతకం రాగానే ఫ్లెక్సీ కట్టడానికి మాత్రం ఊళ్లో అందరూ పోటీ. ఏ బడి గురించీ ప్రత్యేకంగా అనట్లేదు, మన అలవాటు గురించి చెప్తున్నా.

ఇందూరు_అక్క
ఫ్లెక్సీ సంగతి ఒప్పుకుంటా. కానీ బడి అంటే పాఠాలొక్కటే కాదు కదా. సిస్టర్ల బడుల్లో చదివినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఆడపిల్ల పొద్దున ఇంట్లోంచి బయటికి రావడానికి, సాయంత్రం ఆటలుండి ఆలస్యమైతే ఇంట్లో అనుమానపడకుండా ఉండడానికి ఆ గేటు, ఆ సిస్టర్ పేరు చాలేవి. మా నాన్న నన్ను ఖోఖోకి జిల్లా మ్యాచ్‌కు పంపింది సిస్టర్ వెంట వస్తోందనే. వేరే ఏ బడైనా పంపేవాడు కాదు.

ఎనిమిదో_పీరియడ్
హైదరాబాద్ చూసుకున్నా ఆటల వాళ్ల పేర్లే ముందు. ఆల్ సెయింట్స్ (1855 నాటి బడి) అంటే అజారుద్దీన్. లిటిల్ ఫ్లవర్ అంటే లక్ష్మణ్, ఈడెన్‌లో 281 కొట్టిన లక్ష్మణ్. ఆక్సీలియం అంటే సింధు. ఈ మూడూ క్యాథలిక్ బడులే. ఆటల్లో సుఖమేంటంటే ఎవరు ప్రముఖులో స్కోరు బోర్డు తేల్చేస్తుంది, కమిటీ అక్కర్లేదు.

హనుమకొండ_చౌరస్తా
అజార్ మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. ఆ తర్వాతి సంగతులు కూడా సావనీర్‌లో రాస్తారా? 🙂

రిజిస్టర్_సార్
మంచి ప్రశ్న. పేరు వేస్తే మొత్తం మనిషిని వేసినట్టే. ‘ప్రముఖ’ అంటే క్యారెక్టర్ సర్టిఫికెట్ కాదు అని పేజీ మొదట్లో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

నర్సంపేట_నాగలి
ఇంగ్లిష్ మీడియం కాన్వెంటుల డబ్బా ఆపుతారా కాసేపు? మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్లు నిండకముందే. జీవాంజి దీప్తి మన పర్వతగిరి మండలం కల్లెడ. చదివింది ఊళ్లోని ఆర్డీఎఫ్ అనే సంస్థ బడిలో. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఫీజు కట్టే బడి నుంచి పెద్దవాళ్లు రావడంలో వింతేముంది?

ఎనిమిదో_పీరియడ్
వాళ్లను ఎవరూ తక్కువ చేయలేదు అన్నా. థ్రెడ్ మిషన్ స్కూల్ సావనీర్ గురించి. పూర్ణను కూడా అందులో వేయమంటావా?

నర్సంపేట_నాగలి
వేయొద్దు. మీ బళ్లో ఫీజు కట్టకుండా చదివినవాళ్ల పేర్లు మీ లిస్టులో ఎన్ని ఉన్నాయో చెప్పమంటున్నా.

బోర్డింగ్_బ్యాచ్
ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని నిన్నటి నుంచి చదువుతూ కూర్చున్నా.

నేను బోర్డింగ్‌లో ఉండి చదివాను. ఏ బడి అన్నది వదిలేయండి. మా ఊళ్లో చిన్న గుడి ఉండేది, ఫాదర్ నెలకోసారి మోటార్ సైకిల్ మీద వచ్చి పూజ చేసేవాడు. ఆయనే మా అయ్యతో మాట్లాడి నన్ను ట్రంకు పెట్టెతో సహా తీసుకెళ్లాడు. బడి ఒకటే కానీ పిల్లలు రెండు రకాలు. గేటు బయటి నుంచి రిక్షాల్లో వచ్చే డే స్కాలర్లు, లోపలి నుంచి నడిచి వచ్చే బోర్డింగ్ పిల్లలు. మేం తెలుగు మీడియం సెక్షన్. పొద్దున అయిదింటికి గంట, ప్రార్థన, తోటకు నీళ్లు, స్టడీ. పప్పు పల్చగా ఉండేది, ఆదివారం మాత్రం మాంసం. స్కూల్ డే వచ్చిందంటే బెంచీలు మోసేది మేం, స్టేజీ కట్టేది మేం, కర్టెన్ లాగేది మేం. ప్రైజులు తీసుకునేవాళ్లు కర్టెన్ అవతల. ఎవరి మీదా కోపం లేదు, అలా ఉండేది.

మా బ్యాచ్‌లో ఇప్పుడు ఒకడు గూడ్స్ రైలు లోకో పైలట్. ఒకడు ఏజెన్సీలో సర్కారు బడి హెడ్మాస్టర్, కట్టుబట్టలతో వచ్చిన కోయ పిల్లలను పదో తరగతి దాటిస్తున్నాడు. ఒకడు ఫాదర్ అయ్యాడు, పేరు చెప్పినా మీకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకూ లేదు. ఒకడు సింగరేణిలో సేఫ్టీ చూస్తాడు. మా ఇళ్లల్లో చదువుకున్న మొదటి తరం మేం. మా పిల్లలు ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం, వాళ్లూ అమెరికా అంటున్నారు. లిస్టులో మా బోర్డింగ్ వాడు ఒక్కడైనా ఉన్నాడా జంక్షన్ అన్నా? మిమ్మల్ని నిలదీయడానికి కాదు, వాట్సాప్ గ్రూపులో మమ్మల్ని ఎవరూ చేర్చలేదు కాబట్టి అడుగుతున్నా.

కాజీపేట_జంక్షన్
ఒక్కరూ లేరు. గ్రూపు మొదలుపెట్టింది ఇంగ్లిష్ మీడియం బ్యాచ్‌లు, వాళ్లు వాళ్లకు తెలిసినవాళ్లను చేర్చుకుంటూ పోయారు. మీ నంబర్ నాకు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ పెట్టకండి.

ఆర్‌ఈసీ_గేటు
బోర్డింగ్_బ్యాచ్ రాసింది చదివాక నా చరిత్ర పాఠం సగమే అని తెలుస్తోంది, మిగతా సగం ఇది. వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే క్యాథలిక్ చర్చి పరిధి) హైదరాబాద్ నుంచి విడిపోయి ఏర్పడింది 1952 డిసెంబర్‌లో. మొదటి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా, ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే క్యాథలిక్ సంఘం మిషనరీ, 1985 దాకా ఆయనే. మిషన్ పని మొదటి నుంచీ రెండు పట్టాల మీద నడిచింది. ఊళ్లల్లో తెలుగు బడులు, బోర్డింగులు, దవాఖానాలు ఒకటి. పట్నంలో ఇంగ్లిష్ మీడియం హైస్కూళ్లు రెండోది. పేరు వచ్చింది రెండోదానికి, మనుషులను మార్చింది మాత్రం మొదటిది.

డల్లాస్_పోరడు
రెండోది కూడా మార్చింది సార్, నన్ను మార్చింది. ఇందాక మీరే అన్నారు.

ఆర్‌ఈసీ_గేటు
అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఎర్రటోపీ_హౌస్
మాది రెడ్ హౌస్. ప్రతి ఏడూ మార్చ్ పాస్ట్‌లో లాస్ట్. ప్రముఖుల్లో హౌస్ వారీగా లెక్క తీస్తే మాకు ఈసారైనా కప్పు వస్తుందేమో చూడండి.

పాత_బెంచి
నేను కాపీ కొడుతూ దొరికిన మొదటి బ్యాచ్. చారిత్రక ప్రాధాన్యం కింద పరిశీలించగలరు.

రిజిస్టర్_సార్
జోకులయ్యాక పని మాట చెప్తా. నేను ఇంకో ఎయిడెడ్ బడిలో గుమాస్తాగా చేశాను. ప్రముఖుడా కాదా అన్నది తర్వాత, ముందు ‘చదివాడా లేదా’ తేలాలి. దానికి అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. పెద్ద సైజు, అట్టకు గుడ్డ బైండింగ్, వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, చేరిన తరగతి, వదిలిన తరగతి, టీసీ నంబరు, చివర రిమార్కులు. చదువు మానేసినవాళ్లకు ‘లాంగ్ ఆబ్సెంట్’ అని రాసి పేరు కొట్టేస్తారు. పాత రిజిస్టర్లలో తెలుగు మీడియం పేర్లు ఇంటిపేరు లేకుండా ఒక్క ముక్కలో ఉంటాయి. ‘ఎల్లయ్య, తండ్రి మల్లయ్య’ అంతే. ఇలాంటి ఎల్లయ్యలు ఒకే పేజీలో ముగ్గురు ఉంటారు. అందుకే బోర్డింగ్ వాళ్లను వెతకడం కష్టం, అమెరికా వాళ్లను వెతకడం తేలిక. పదో తరగతి మెమో మీద ఉన్న పేరుతో, పుట్టిన తేదీతో పోల్చుకోండి. మీ హెడ్మాస్టర్ అనుమతి తీసుకుని ఆఫీసులోనే కూర్చుని చూడండి. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టొద్దు. అందులో కులం, పుట్టుమచ్చలు అన్నీ ఉంటాయి.

భద్రకాళి_బండ్
పుట్టుమచ్చలు కూడానా!

రిజిస్టర్_సార్
రెండు. పదో తరగతి నామినల్ రోల్‌కి (పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా) అడుగుతారు. నీవీ ఉంటాయి.

కాజీపేట_జంక్షన్
చాలా ఉపయోగం సార్. ఇప్పుడు ఎంతకాలం చదివితే లెక్కలోకి తీసుకోవాలి? ఆ రాజకీయ నాయకుడి సంగతే నాకు పెద్ద టెన్షన్. ఏడాది కూడా సరిగా చదవలేదు.

మంచిర్యాల_బొగ్గు
పదో తరగతి మన దగ్గర రాసినవాళ్లే అని పెట్టేయండి, పీడ పోతుంది.

హనుమకొండ_చౌరస్తా
కాజీపేటలో ఆ రూలు నడవదు. రైల్వే పిల్లలు మూడేళ్లు చదివి తండ్రి బదిలీతో బల్లార్షానో బెజవాడో వెళ్లిపోతారు. అయిదో తరగతి నుంచి ఎనిమిది దాకా చదివినవాడికి బడితో ఉన్న అనుబంధం, పదిలో వచ్చి చేరి పరీక్ష రాసిపోయినవాడికి ఉంటుందా?

ఇందూరు_అక్క
ఎన్నేళ్లు చదివాడో పేరు పక్కన రాసేయండి. ‘1988 నుంచి 1989 వరకు, ఏడో తరగతి’ అని. ఫుల్ పేజీ ఫోటో కింద అది పడితే ఆయనే వద్దంటాడు.

పాత_బెంచి
అక్కకు ఒక వోటు. ఇదే పంచ్ నిఖత్ నుంచి నేర్చుకున్నారా?

నర్సంపేట_నాగలి
ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయి లిస్టులో? అదీ చెప్పు జంక్షన్.

కాజీపేట_జంక్షన్
మాది చాలాకాలం మగపిల్లల బడి. కో-ఎడ్ అయ్యాక చదివినవాళ్లు చిన్నవాళ్లు. రెండు పేర్లు వచ్చాయి, రెండూ ఎవరో ‘ఫలానావాడి భార్య కూడా మన స్కూలే’ అని పంపినవి.

ఇందూరు_అక్క
ఆవిడ ఏం చేస్తుంది?

కాజీపేట_జంక్షన్
అడిగితే పంపినవాళ్లకు తెలియదు. నేను కనుక్కున్నా. పిల్లల గుండె డాక్టర్. భర్త లిస్టులో ఉన్నాడు, సీనియర్ డైరెక్టర్.

ఇందూరు_అక్క
🙏

వికీ_వెంకన్న
నేను తెలుగు వికీపీడియాలో రాస్తుంటా. అక్కడి పద్ధతి పనికొస్తుందేమో చూడండి. బడి వ్యాసంలో పూర్వ విద్యార్థుల పేరు పెట్టాలంటే, ఆ మనిషి గురించి అతనితో గానీ బడితో గానీ సంబంధం లేనివాళ్లు రాసిన ఆధారం ఉండాలి. ఫలానా బడిలో చదివాడనడానికి కూడా ఆధారం ఉండాలి. లింక్డ్‌ఇన్ చెల్లదు, ఎందుకంటే అది వాళ్లే రాసుకునేది. దీంతో మీ లిస్టు ఒక్కసారిగా చిక్కిపోతుంది. చాలా బడుల వ్యాసాల్లో ఎవరో ఒకరు రాత్రికి రాత్రి తన పేరు చేర్చి పోతాడు, పొద్దున మేం తీసేస్తాం. మర్నాడు మళ్లీ చేరుస్తాడు. పేరు చివర ‘ప్రముఖ సంఘ సేవకుడు’ అని ఉంటుంది.

నర్సంపేట_నాగలి
ఆ రూలు పెడితే పేపర్లో పడ్డవాళ్లే మిగులుతారు. బోర్డింగ్_బ్యాచ్ చెప్పిన హెడ్మాస్టర్ గురించి ఎవరు రాస్తారు? జిల్లా ఎడిషన్లో పడినా అది పక్క మండలం దాటదు.

వికీ_వెంకన్న
ఒప్పుకుంటా. వికీపీడియా పని వేరు, సావనీర్ పని వేరు. వికీలో ప్రపంచానికి తెలిసినవాళ్లను రాస్తాం. సావనీర్‌లో బడికి తెలియాల్సినవాళ్లను రాయొచ్చు, అక్కడ కమిటీకి ఆ స్వేచ్ఛ ఉంది. మీ పేజీలో వేసిన ప్రతి మాటకూ ఎవరో ఒకరు పూచీ ఉండేలా మాత్రం చూసుకోండి.

ఎనిమిదో_పీరియడ్
పక్కదారి పడుతున్నానేమో గానీ, నర్సంపేట_నాగలి అడిగిన ఫీజు సంగతి. ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకని విద్యా హక్కు చట్టం (2009) చెప్తుంది కదా, మిషన్ బడులకు అది వర్తించదు. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే పేద పిల్లలను తీసుకోవడమన్నది వాళ్ల మనసు మీద, పాత అలవాటు మీద ఆధారపడి ఉంది. బోర్డింగులు తగ్గిపోతున్నాయి, ఫీజులు పెరుగుతున్నాయి. రాబోయే జూబ్లీ లిస్టులో ఫిట్టర్ కొడుకు ఉంటాడా అన్నది నా డౌటు.

మంచిర్యాల_బొగ్గు
ఫీజు గురించి మొదలుపెడితే ఇది వేరే థ్రెడ్ అవుతుంది. మా పాపకు యూకేజీకి కట్టింది నా బీటెక్ మొత్తానికి అవలేదు.

మోడరేటర్_ఓరుగల్లు
ఫీజుల థ్రెడ్ వేరేగా ఉంది, అక్కడ రాయండి. రెండు పోస్టుల్లో వ్యక్తుల పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు, ఒకరి ఇంటి అడ్రసు పెట్టారు, తీసేశాను. పేపర్లో పడిన ప్రముఖుల పేర్లు రాసుకోవచ్చు, మామూలు మనుషులవి వద్దు.

డల్లాస్_పోరడు
ఒక ఆలోచన. ‘ప్రముఖ’ అన్న మాటే తీసేస్తే? ‘మనవాళ్లు ఏం చేస్తున్నారు’ అని పెట్టండి. హోదా వేయొద్దు, చేసే పని వేయండి. నేను హోదా లేకుండా ఏం చేస్తానో రాయాలంటే నాకే రెండు రోజులు పడుతుంది, అది వేరే సంగతి. నా వంతుగా బోర్డింగ్ పిల్లల పేజీల ప్రింటింగ్ ఖర్చు నేను పెట్టుకుంటా.

పాత_బెంచి
చూశారా, డబ్బులిచ్చి లిస్టులో చేరే ఇంకో పద్ధతి. 😂 ఊరికే అన్నా అన్నా, మంచి పని.

ఆర్‌ఈసీ_గేటు
పేరు మార్చినంత మాత్రాన గొడవ పోదు, కానీ ఈ పేరు నాకు నచ్చింది. ఒక మార్పు చెప్తా. పంతుళ్లను కూడా కలపండి. మాకు లెక్కలు చెప్పిన బ్రదర్ ఒకాయన కేరళ నుంచి వచ్చి, తెలుగు మాలో కలిసిపోయి నేర్చుకుని, చివరికి మా కంటే బాగా తిట్టేవాడు. సుద్దముక్క గురి తప్పేది కాదు. ఆయన గురించి రాయమంటే ప్రతి బ్యాచ్ ఒక పేజీ రాస్తుంది, హోదాల గొడవ లేకుండా.

ఎర్రటోపీ_హౌస్
సుద్దముక్క తగిలినవాళ్ల లిస్టు వేయండి, అందులో నేను గ్యారంటీ.

బోర్డింగ్_బ్యాచ్
జంక్షన్ అన్నతో ఫోన్‌లో మాట్లాడాను. మా వాళ్లలో పదకొండు మంది ఒప్పుకున్నారు. హెడ్మాస్టర్ మాత్రం పేరు వద్దన్నాడు, బడి ఫోటో వేసుకోమన్నాడు, తన ఏజెన్సీ బడి ఫోటో. లోకో పైలట్ యూనిఫాం ఫోటో కావాలా మామూలుదా అని అడుగుతున్నాడు. మా బోర్డింగ్ గ్రూప్ ఫోటో ఒకటి నా దగ్గర ఫ్రేములో ఉంది, ఫోన్‌లో తీసి పంపనా?

రిజిస్టర్_సార్
ఫోన్‌లో తీయకు. అద్దం మీద ట్యూబ్‌లైట్ పడుతుంది. ఫ్రేములోంచి బయటికి తీసి స్టూడియోలో స్కాన్ చేయించు. వెనక అట్టకు అంటుకుపోయి ఉంటే లాగొద్దు, అలాగే ఇచ్చెయ్, వాళ్లు చూసుకుంటారు. వెనకాల పేర్లు రాసి ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయించు.

హనుమకొండ_చౌరస్తా
ఇంకోటి జంక్షన్. పేర్లు యూనికోడ్‌లో (మనం ఫోన్‌లో టైపు చేసే తెలుగు) ఇస్తే డీటీపీ వాళ్లు ప్రింటింగ్‌కి వాడే అను ఫాంట్స్‌లోకి మారుస్తారు, అప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతాయి. ప్రూఫు కాగితం మీద తీయించి, ప్రతి పేరూ ఆ మనిషికే పంపి చూపించు. మా సావనీర్‌లో ఒక కల్నల్ గారి ఇంటిపేరులో వత్తు పోయి ఆయన వేరే కులమైపోయాడు. ఇప్పటికీ మాతో మాట్లాడడు.

పాత_బెంచి
నా పేరులో వత్తులే లేవు. ఇదొక్కటైనా అర్హత కింద రాసుకో తమ్మీ.

కాజీపేట_జంక్షన్
రేపు హెడ్మాస్టర్ గారి దగ్గరికి రిజిస్టర్ల అనుమతి కోసం వెళ్తున్నా. 1970కి ముందు చదివినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు ఎవరైనా ఇక్కడ ఉంటే మెసేజ్ పెట్టండి, ఆ కాలం నుంచి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.